ష్యూరిటీ సంతకం పెట్టకపోతే ప్రేమ లేనట్టా?

ప్రశ్న: మా తమ్ముడు 5 లక్షల చీటీ పాడుకున్నాడు. నాది ప్రభుత్వ ఉద్యోగమని నన్నే ష్యూరిటీ పెట్టమంటున్నాడు. లోగడ రెండుసార్లు వాడి అప్పు నేనే తీర్చాను. మా పిల్లాడి కాలేజీ ఫీజు ఇంకా కట్టాల్సి ఉంది. ‘క్రీస్తు మనకోసం ప్రాణమే పెట్టాడు, నువ్వు ఒక సంతకం పెట్టలేవా’ అంటోంది అమ్మ. పెట్టకపోతే నాలో ప్రేమ లేనట్టేనా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: లేనట్టు కాదమ్మా. అయితే మీ అమ్మగారు ఎత్తింది చిన్న మాట కాదు. హెబ్రీ పత్రిక 7:22 యేసును ‘పూటకాపు’ అంటుంది. మనం జామీను అంటామే, అదే. కానీ ఆయన తన ప్రాణం గురించి ‘నా అంతట నేనే దాని పెట్టుచున్నాను’ అన్నాడు (యోహాను 10:18). ఏం పోతుందో తెలిసే, తనదే ఇచ్చాడు. మొహమాటానికి ఇవ్వలేదు.

ఫిలేమోను పత్రికలో పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిము బాకీని తన లెక్కలో వేయమని, ‘నేనే దాని తీర్తును’ అని స్వహస్తంతో రాశాడు. జామీను అంటే ఇదీ! వాడు కడతాడులే అనే ఆశ మీద పెట్టే సంతకం వేరు. సామెతలు 22:27 హెచ్చరించేది దాని గురించే: చెల్లించలేకపోతే కింది పరుపు కూడా లాక్కుపోతారని.

లెక్క చూడండి. నెలకు 10,000 చొప్పున 50 నెలల చీటీ అనుకుందాం. 12 నెలలకే పాడుకుంటే ఇంకా 38 వాయిదాలు. డివిడెండ్ (పాటలో తగ్గిన సొమ్ములో సభ్యులకు వచ్చే వాటా) తీసేయకుండా 3,80,000. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ బాకీకి జామీనుదారు బాధ్యత కూడా అంతే. ముందు తమ్ముణ్ణి అడిగి తర్వాత మీ దగ్గరికి రావాలని లేదు. ఆ మొత్తం మీరే కట్టినా వాడి మీద కోపం పెట్టుకోకుండా ఉండగలిగితే, మీ ఆయనా సరేనంటే, పెట్టండి. లేదంటే వద్దు. ఫీజు డబ్బు మీ ఒక్కరిదే కాదు, పిల్లాడిది కూడా. పేదల కోసం చందా అడుగుతూనే పౌలు ‘ఇతరులకు తేలికగాను మీకు భారముగాను ఉండవలెనని’ తన ఉద్దేశం కాదన్నాడు (2 కొరింథీ 8:13).

వద్దన్నాక చేతులు దులుపుకోకండి. పాడుకున్న సొమ్ములోనే కొంత డిపాజిట్‌గా హామీ పెట్టుకుంటారేమో చీటీ కంపెనీని అడగమనండి. మీకు వీలైతే రెండు మూడు వాయిదాలు మీరే నేరుగా కంపెనీకి కట్టి, రసీదు తమ్ముడికివ్వండి. వాడి చేతికి డబ్బు ఇవ్వొద్దు. పాత రెండు అప్పులూ ఎందుకయ్యాయో కూర్చోబెట్టి అడగండి. సంతకం కన్నా ఇదే కష్టం. అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, పై లెక్క కాగితం మీద వేసి చూపించండి.