ఎయిర్‌పోర్టు బాడుగలకు దిగే ముందు

అబ్బీ,

మదనపల్లిలో బండి ఒకటి అమ్మకానికొచ్చిందనీ, కొని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు తిప్పుతాననీ మీ నాయన చేత ఫోన్ చేయించినావు. మంచిదే. కానీ అది తెల్ల బోర్డు బండి, అంటే సొంతానికి వాడుకునే కారు అంటున్నాడు. అడ్వాన్సు ఇయ్యకముందే ఇది చదువు.

మనోళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. రాయచోటి నుంచో, కడప నుంచో కువైట్ పోయినోళ్ళు సెలవుకొస్తారు. ఊళ్ళో ఎవరిదో సొంత కారుకు డీజిల్ కొట్టించి, పైన ఇంత చేతిలో పెట్టి పిలుచుకొస్తారు. ఎవరన్నా అడిగితే ‘మా బామ్మర్ది కారు’ అంటారు. దుడ్లు తీసుకొని ఎక్కించుకుంటే అది బాడుగే. పర్మిట్ లేకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా ఉంది. నాకు అంతకంటే భయం ఇన్సూరెన్సు గురించి. చింతామణి రోడ్డులో తెల్లారుజామున కన్ను మూతపడి ఏమన్నా జరిగిందనుకో, బాడుగ బండని తెలిస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆ భారం మీ నాయన పొలం మీద పడుతుంది.

అందుకని కర్ణాటక పర్మిట్ ఉన్న పసుపు బోర్డు బండే, అంటే ట్యాక్సీగా రిజిస్టరైందే చూడు. బాడుగ బండి నడిపేదానికి లైసెన్సు మీద వేయించుకునే బ్యాడ్జి లేదని దిగులుపడొద్దు. 7,500 కిలోల లోపు బండికి మామూలు కారు లైసెన్సు (ఎల్‌ఎంవీ) చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. యాప్ వాళ్ళు పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు, అది మాత్రం ముందే చేయించుకో.

రేటు నీ ఇష్టం కాదు. సిటీ ట్యాక్సీలకూ యాప్ బళ్ళకూ ఒకటే రేటని 2024 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం ఆర్డరు ఇచ్చింది. 10 లక్షల లోపు ధర ఉండే బండికి మొదటి 4 కిలోమీటర్లకు 100, ఆపైన కిలోమీటరుకు 24. రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా 10 శాతం ఎక్కువ. ఎయిర్‌పోర్టు నుంచి మెజెస్టిక్ బస్టాండు 35 కిలోమీటర్లనుకుంటే పగలు 844, రాత్రి 930 దగ్గరికొస్తుంది. ఎయిర్‌పోర్టు రోడ్డులోని సాదహళ్ళి టోలు ప్యాసింజరుదే, ఫాస్టాగ్ మెసేజ్ చూపించి తీసుకో. సామాను 120 కిలోల దాకా ఉచితం. గల్ఫ్ నుంచొచ్చినోళ్ళు తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు నాలుగు దించినా ఒక్క మనిషికి అంత తూగవు, కాబట్టి సామాను పేరు చెప్పి వంద అడగొద్దు. అడిగేవాళ్ళున్నారు, నువ్వు వాళ్ళలో చేరకు.

ఇంక ఎక్కించుకునే సంగతి. విదేశీ విమానాలన్నీ ఇప్పుడు రెండో టెర్మినల్ (టీ2)కే వస్తాయి, ఊరి బాడుగ ఒప్పుకునేటప్పుడే అది అడిగి పెట్టుకో. 2025 డిసెంబరులో నియమం మార్చినారు. పసుపు బోర్డు బండి అరైవల్స్ గుమ్మం ముందర ఆగకూడదు, చూపించిన పార్కింగులోకే పోవాల. మొదటి 10 నిమిషాలే ఉచితం. ముసలోళ్ళకు ఆ నడక ఎక్కువేనబ్బా, నేనూ ఒప్పుకుంటా. అయినా గుమ్మం దగ్గర వాదన పెట్టుకోవద్దు, నువ్వే పార్కింగు నుంచి గుమ్మం దాకా నడిచిపోయి ట్రాలీ తోసుకొని రా.

ఆ 10 నిమిషాలు నీ చేతిలో ఉండాలంటే విమానం దిగిందని తెలియగానే పార్కింగులో దూరొద్దు. ఇమ్మిగ్రేషన్, పెట్టెలొచ్చే బెల్టు, కస్టమ్స్ అయ్యేసరికి గంట పట్టొచ్చు. వచ్చినోళ్ళకు మన సిమ్ ఉండదు. పక్కోళ్ళ ఫోన్ అడుక్కొనో, వైఫైలో వాట్సాప్‌తోనో పిలుస్తారు. తెలియని నంబరని కట్ చేసినావా, బాడుగ పోయినట్టే. ‘పెట్టెలు చేతికొచ్చినాయా?’ అని అడిగి, అప్పుడు బయలుదేరు. పేరు పెద్ద అక్షరాలతో రాసిన అట్ట ఒకటి బండిలో పెట్టుకో, తెలుగులోనే రాయి.

గుమ్మం దగ్గరికి పోయి ‘ట్యాక్సీ సార్, ట్యాక్సీ’ అని మాత్రం ఎవరినీ పిలవొద్దు. క్యూలో ఉండే బళ్ళకు ఎయిర్‌పోర్టుతో ఒప్పందముంటుంది, వాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుంది, సెక్యూరిటీ పట్టుకుంటే కేసూ అవుతుంది.

నిజంగా దుడ్లు కనపడేది ఊరి బాడుగల్లోనే. హిందూపురం, పుట్టపర్తి, అనంతపురం వాళ్ళకు ఇదే ఎయిర్‌పోర్టు. దానికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ తీసుకో. అదుంటే ఆంధ్ర సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టులో విడిగా ట్యాక్సు కట్టే పని ఉండదు. ప్యాసింజర్ల జాబితా ఫోన్లోనన్నా కాగితం మీదన్నా బండిలో ఉండాల. ఒకరిని పుట్టపర్తికి తీసుకుపోతా బాగేపల్లిలో ఇంకొకరిని వేరే చార్జీకి ఎక్కించుకోవడం మన పర్మిట్‌లో లేదు, అది బస్సు పని.

ఆ తెల్ల బండాయనకు వద్దని చెప్పెయ్. యలహంకలో నాకు తెలిసినాయన పసుపు బోర్డు డిజైర్ అమ్ముతున్నాడు. ఆదివారం పొద్దున్నే రా, ఆర్‌సీ, ఫిట్‌నెస్, పర్మిట్ మూడూ ముందర పెట్టుకొని చూద్దాం.

మీ చిన్నాయన