జొన్నపిండి బిస్కెట్లు ముక్కలైపోతున్నాయా?

ప్రశ్న: మా పాపకు సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) అని డాక్టర్ తేల్చారు. గోధుమ, మైదా పూర్తిగా బంద్ చేసినం. క్రిస్మస్‌కు జొన్నపిండితో బిస్కెట్లు చేస్తే ట్రే మీంచి తీయంగనే పొడి పొడి అయినయి. తప్పెక్కడ?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: జొన్నరొట్టెకు ఉడుకు నీళ్లు ఎందుకు పోస్తామో గుర్తు చేసుకోండి. పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ జొన్నలో లేదు. ఉడుకు నీళ్లకు పిండి జిగటెక్కితేనే రొట్టె నిలుస్తుంది. బిస్కెట్‌లో అన్ని నీళ్లు పోస్తే కరకరలాడదు కనుక, ఆ పట్టు అవిసె గింజల నుంచి తెచ్చుకోవాలి.

జొన్నపిండి 120 గ్రాములు, బియ్యప్పిండి 40, కార్న్‌ఫ్లోర్ 40, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. గరుకు పిండి నోట్లో ఇసుకలా తగులుతుంది. అవిసె పొడి ఒక టేబుల్ స్పూను, గోరువెచ్చని నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు కలిపి పది నిమిషాలు పక్కన పెడితే గుడ్డు తెల్లసొనలా జారుడుగా అవుతుంది. వెన్న 100 గ్రాములు, పొడి బెల్లం 90 గ్రాములు బాగా గిలకొట్టి, అవిసె జిగురు, ఆపైన పిండి కలపండి. తడి బెల్లం వద్దు, బిస్కెట్ మెత్తబడుతుంది.

ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచడం మానకండి. జొన్నపిండి తడిని నిదానంగా పీలుస్తుంది. మీ బిస్కెట్లు విరగడానికి సగం కారణం ఆ ఆగకపోవడమే అయి ఉంటుంది. అర సెంటీమీటరు మందంగా ఒత్తి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు కాల్చండి. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి. పది నిమిషాలు ట్రేలోనే వదిలేస్తే చల్లారుతూ గట్టిపడతాయి. వేడి మీద ఎత్తితే విరుగుతాయి.

కొలతల కన్నా పెద్ద జాగ్రత్త గిర్ని దగ్గర. మీకన్నా ముందు అక్కడ గోధుమలు పట్టించి ఉంటే ఆ పిండి మీ జొన్నల్లో కలుస్తుంది. సీలియాక్ ఉన్నవాళ్లకు అంత కొంచెమూ చేటే. జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టండి. చపాతీలు చేసే చెక్క పీట, కర్ర కూడా వాడకండి. వాటి సందుల్లో గోధుమపిండి నిలిచి ఉంటుంది.

ప్రశ్న: బాబుకు పాలు, గుడ్డు అలర్జీ. నెయ్యి వేయొచ్చా? మాకు ఓవెన్ లేదు.
– వనపర్తి

జవాబు: వేయొద్దు. నెయ్యిలో పాల ప్రోటీన్ కాస్తయినా మిగిలే ఉంటుంది. ఆవుపాలు పడని పిల్లల్లో చాలామందికి మేకపాలూ పడవు. వెన్న 100 గ్రాముల చోట కొబ్బరినూనె 80 గ్రాములు, నీళ్లు ఒక టేబుల్ స్పూను వేయండి. వెన్నలో నీరుంటుంది, నూనెలో ఉండదు. చలికాలం కొబ్బరినూనె గడ్డకడితే కరిగించి కొలవండి. గుడ్డుకు పైన చెప్పిన అవిసె జిగురు సరిపోతుంది.

కుక్కర్‌లో గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి మూతపెట్టి పది నిమిషాలు కాగనివ్వండి. నీళ్లు పోయకూడదు. బిస్కెట్ల పళ్లెం స్టాండు మీద పెట్టి, సన్న మంట మీద 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. తైదపిండితో (రాగిపిండి) చేస్తే రంగు చూసి కాలిందనుకోవద్దు, మొదటినుంచీ నల్లగానే ఉంటుంది. అంచులు గట్టిపడ్డాయో లేదో చూడండి.

ప్రశ్న: మా మనుమడికి పల్లీలు పడవు. బిస్కెట్లలో వాటి బదులు ఏం వేయాలి?
– గద్వాల

జవాబు: గుమ్మడి గింజలు గాని, పొద్దుతిరుగుడు గింజలు గాని వేయించి వేయండి. నువ్వులు కూడా కొందరికి అలర్జీయే, అడగకుండా వేయొద్దు. గానుగ పల్లీనూనెలో పల్లీ ప్రోటీన్ మిగులుతుంది కాబట్టి దాన్నీ దూరం పెట్టండి. గ్లూటెన్ లేదని రాసిన బేకరీ బిస్కెట్లలో బాదంపిండి ఉండొచ్చు, బాదం కూడా పడనివాళ్లు అట్ట మీద చదవండి. ఏదైనా తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పొద్దుతిరుగుడు పొడితో చేసిన బిస్కెట్లు చల్లారాక లోపల ఆకుపచ్చగా మారితే పాడయ్యాయని పారేయకండి. ఆ గింజల్లోని పదార్థం బేకింగ్ పౌడర్‌లోని సోడాతో కలిసి ఆ రంగు తెస్తుంది, హాని లేదు. బేకింగ్ పౌడర్ తగ్గించి అర టీస్పూను నిమ్మరసం వేస్తే రంగు మారడం తగ్గుతుంది.