రెండించుల బోరు కింద ఎన్ని ఎకరాలు?

ప్రశ్న: మాది శంకర్‌పల్లి మండలం. మూడెకరాల చల్క (ఎర్ర ఇసుక నేల), ఒక బోరు. రెండించుల నీళ్లు పోస్తోంది. 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి నిమిషం నలభై సెకన్లు పడుతోంది. యాసంగిలో ఎకరం వరి, రెండెకరాలు టమాటా వేద్దామనుకుంటున్నాను. నీళ్లు సరిపోతాయా? డ్రిప్పు పెడితే సగం నీళ్లు మిగులుతాయంటున్నారు. వాటితో పక్కన ఇంకో ఎకరం కౌలుకు పట్టవచ్చా?

జవాబు: డ్రమ్ము లెక్క రాసి మంచి పని చేశారు. చాలామంది ‘రెండించులు’ అని ఊరుకుంటారు, ఆ మాటతో ఏమీ తేలదు. మీ బోరు సెకనుకు 2 లీటర్లు, అంటే గంటకు 7,200 లీటర్లు ఇస్తోంది. రోజుకు 8 గంటలు నడిపితే 57,600 లీటర్లు. కరెంటు ఉంది కదా అని రాత్రంతా మోటారు వదిలేస్తే బోరులో ఊటేమీ పెరగదు, నీళ్లందక మోటారు కాలొచ్చు.

ఇక పంట తాగేది. ఎకరంలో ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు పరిస్తే సుమారు 4,050 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు. వాతావరణ కేంద్రాల్లో నాలుగడుగుల వెడల్పు, జానెడుకు కాస్త ఎక్కువ లోతు ఉండే గుండ్రటి రేకు తొట్టి ఒకటి ఉంటుంది. అందులో రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరయ్యాయో పొద్దున్నే చూసి రాసుకుంటారు. తొట్టి నీళ్లు పచ్చిక నేల కంటే ఎక్కువ ఆవిరవుతాయి కాబట్టి ఆ అంకెను ముందు 0.7తో, తర్వాత పంట గుణకంతో (పంటను, దాని దశను బట్టి మారే అంకె) గుణించాలి. గుణకం టమాటాకు నాటిన కొత్తలో 0.6, కాయ దశలో 1.15. నిండు పైరు మీదున్న వరికి 1.2.

మార్చిలో తొట్టి రోజుకు 8 మి.మీ. తగ్గిందనుకుందాం. 0.7తో గుణిస్తే 5.6. దాని మీద వరి తాగేది 6.7 మి.మీ., ఎకరానికి 27,000 లీటర్లు. టమాటా తాగేది 6.4 మి.మీ., సుమారు 26,000 లీటర్లు. చూశారా, పెద్ద తేడా లేదు! వరి ‘నీళ్ల మింగుడు’ పంట అనిపించుకునేది అది తాగే నీళ్ల వల్ల కంటే, మడిలో నిలబెట్టిన నీళ్లు కిందికి ఇంకిపోవడం వల్లే ఎక్కువ. మీది చల్క నేల, ఇంకుడు ఇంకా ఎక్కువ.

మీ ఊళ్లో వరి ఉన్న మడిలోనే ఇది చూడొచ్చు. గండ్లన్నీ మూసి, ఒక కర్ర పాతి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మర్నాడు అదే వేళకు స్కేలుతో కొలవండి. 13 మి.మీ. తగ్గిందనుకోండి, అందులో సుమారు 7 పైరు తాగి ఆవిరైనవి, 6 నేలలోకి దిగినవి. అంటే ఎకరం వరికి రోజుకు దాదాపు 53,000 లీటర్లు. మీ బోరు నీళ్లు దాదాపు అన్నీ ఆ ఒక్క ఎకరానికే పోతాయి. టమాటాకు మిగిలేది ఏ మూలకూ చాలదు.

కాబట్టి ఈ యాసంగికి వరి వదిలేయండి. ఎకరంన్నర టమాటా డ్రిప్పు మీద వేస్తే, పైపుల్లో పోయేది కలిపినా రోజుకు 44,000 లీటర్లు దాటదు. ఇంకో అర ఎకరంలో కొత్తిమీర, మెంతి వేసి, ఎండ ముదరకముందే కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపేయండి.

కౌలు సంగతి. డ్రిప్పు పెట్టినా మొక్క తాగేది పెద్దగా తగ్గదు. తగ్గేది ఇంకుడు, పారుడు, నేల మీది తడి ఆవిరి. అయితే ఇంకిన నీళ్లు ఎక్కడికీ పోలేదు. కొంత పక్కాయన బోరులోకి, కొంత వాగులోకి చేరతాయి. మీ వైపు వాగులు మూసీలో కలిసి గండిపేట చెరువుకే పోతాయి. మళ్లీ రానివి ఆవిరైన నీళ్లే. నదీ పరీవాహకంలో సాగునీటి లెక్క కట్టేవాళ్లు పారించినదాన్ని కాకుండా ఆవిరైనదాన్ని చూసేది ఇందుకే. మిగిల్చిన నీళ్లతో ఇంకో ఎకరం పండిస్తే మీకు లాభమే, కానీ భూమిలోకి దిగాల్సినవి కూడా ఆవిరవుతాయి. నాలుగేళ్లకు మీ బోరు, పక్కాయన బోరు రెండూ లోతుకు పోతాయి. నేనైతే వద్దంటాను.

ఉపగ్రహంతో కూడా ఈ లెక్క కడతారు. ఉపగ్రహానికి కనిపించేది నేల వేడి. తడి ఉన్న పైరు చల్లగా, ఎండిన చేను వేడిగా ఉంటుంది. ఆ తేడా నుంచి ఎంత ఆవిరైందో తేలుస్తారు. 2013లో ఎగిరిన అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-8 వేడిని కొలిచేది 100 మీటర్ల చదరంగా, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు దాని బొమ్మలో ఒకే చుక్క. వచ్చేది 16 రోజులకోసారి. మూసీ అంతటికీ ఆ లెక్క పనికొస్తుంది కానీ మీ టమాటా, పక్కాయన మామిడి తోట ఒకే చుక్కలో పడితే మీకేం చెబుతుంది? మీ చేనుకు డ్రమ్ము, కర్రే నయం.

ఒక జాగ్రత్త. మోటారు వేసిన వెంటనే వచ్చే ధార చూసి మోసపోవద్దు. మూడు గంటలు నడిచాక డ్రమ్ము పెట్టండి. ఫిబ్రవరి చివర మళ్లీ కొలవండి. రెండు నిమిషాలు దాటితే టమాటా ఎకరంన్నర నిలబడటం కష్టం, అప్పుడు మల్చింగ్ షీటు లేదా వరిగడ్డి పరచండి, అందని సాళ్లు వదిలేసి మిగతావి కాపాడుకోండి.