టర్బో బండిలో చిక్కటి ఆయిల్ పొయ్యకు తల్లీ

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో ఒక లీటరు ఇంజిన్ ఉన్న టర్బో పెట్రోల్ బండి కొన్నావట, ఆయిల్ కూడా నీ చేత్తోనే మార్చుకుంటానన్నావట. మనింటి ఆడపిల్ల స్పానర్ పడుతోందంటే గర్వంగా అనిపించింది. ఆ వెంటనే "షాపువాడు మన ఎండలకి 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పొయ్యమన్నాడంట" అని ఇంకో మాట చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

ముందు ఓనర్స్ మాన్యువల్ తియ్యి. అందులో ఆయిల్ గ్రేడు (అంటే చిక్కదనం అంకెలు), స్టాండర్డు (అంటే ఆయిల్ ఏ ప్రమాణానికి సరిపోవాలో), ఎన్ని లీటర్లు అన్నీ పట్టికలో ఉంటాయి. పాత ఓనరు పుస్తకం ఇవ్వకపోతే కంపెనీ సైటులో నీ బండి మోడల్, తయారైన సంవత్సరం చూసి దింపుకో. సంవత్సరం ఎందుకంటే, బండి పేరు అదే ఉన్నా లోపల ఇంజిన్ మారిపోతే ఆయిలూ మారిపోతుంది. ఫ్రెండు బండిలో ఏం పోశారో నీకు అనవసరం.

ఇక అంకెల సంగతి. 5డబ్ల్యూ-30 అంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న 30, ఆయిల్ 100 డిగ్రీల దాకా వేడెక్కాక దాని చిక్కదనం. 5డబ్ల్యూ అనిపించుకోవాలంటే మైనస్ 30 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్ తిరగడానికి అడ్డు పడకూడదు. మనకి లంబసింగిలో కూడా అంత చలి ఉండదు కదా, ఆ ముందు అంకెతో మనకేం పని అంటారు చాలామంది. మా తరం మెకానిక్కులందరం అలాగే అన్నాం. తప్పు అక్కడే మొదలైంది.

అంబాసిడర్లు, పద్మినీలు నడిచిన రోజుల్లో ఇంజిన్ భాగాల మధ్య సందులు ఎక్కువ, అరుగుదల ఎక్కువ, టర్బో (ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ లోపలికి గాలిని గట్టిగా నెట్టేది) లేదు. 20డబ్ల్యూ-40 పోస్తే చప్పుడు తగ్గేది, పొగ తగ్గేది. అరిగిన ఇంజిన్‌కి చిక్కటి ఆయిల్ పోస్తే నాలుగు నెలలు గడిచేది. అలా "చిక్కగా ఉంటేనే బలం" అన్న మాట ఆటోనగర్‌లో వేదమైపోయింది. తర్వాత టర్బో డీజిళ్లు వచ్చాయి. వాటిలోనూ అదే పోశారు. కొన్నాళ్లకి టర్బో ఈల వెయ్యడం, షాఫ్టు ఊగడం, ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచేది) పైపులో ఆయిల్ చేరడం. టర్బోయే నాసిరకమని తేల్చి కొత్తది బిగించి, మళ్లీ అదే చిక్కటి ఆయిల్ పోసేవాళ్లు. రెండోదీ పోయేది. ఆయిల్‌ని అనుమానించిన వాడు లేడు. తల్చుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎంతమంది సొమ్ము అలా పోయిందో.

ఎందుకు పోతుందో అర్థం చేసుకో. టర్బో లోపలి షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. చాలా బండ్లలో దానికి బాల్ బేరింగులు ఉండవు. మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలిచే సందులో, ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. షాఫ్టుకి ఒక చివర పెట్రోల్ ఇంజిన్ పొగ 900 డిగ్రీలు దాటి తగులుతుంటుంది. అంటే ఆయిల్ అక్కడ షాఫ్టుని మొయ్యాలి, వేడినీ మోసుకుపోవాలి. వేడి పోవాలంటే ఆయిల్ ఆగకుండా పారుతుండాలి.

40 డిగ్రీల దగ్గర 5డబ్ల్యూ-30 చిక్కదనం సుమారు 60 నుంచి 70 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్). 20డబ్ల్యూ-50 అయితే 150 పైమాటే. హైదరాబాదులో డిసెంబరు పొద్దున 15 డిగ్రీలప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతుంది. సెల్లారులో బండి స్టార్ట్ చెయ్యగానే ఆ చిక్కటి ఆయిల్ ఇంజిన్ అడుగునుండే సంపు నుంచి లేచి, ఫిల్టరు దాటి, సన్నటి పైపులో టర్బో దాకా ఎక్కాలి. పంపు నెట్టలేని ఒత్తిడి వచ్చేసరికి రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్ వెనక్కే పోతుంది. ఫిల్టరు బైపాస్ (పక్కదారి) తెరుచుకుంటే వడకట్టని ఆయిల్ బేరింగులకి చేరుతుంది. డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు మాత్రం ఆరిపోతుంది. ఆ లైటు చూసేది ప్రెషరు, పారుదల కాదు. షాపువాడికీ నీకూ మోసం జరిగేది అక్కడే.

మరి 45 డిగ్రీల ఎండ సంగతేంటని అడుగుతావు. రామగుండం ఎండలో ఉన్నా, అరకులో ఉన్నా, థర్మోస్టాట్ కూలెంట్‌ని 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. ఆయిల్ 100 దగ్గర ఉంటుంది, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు 120 దాకా పోవచ్చు. కంపెనీ ఆ వేడి లెక్కేసే వెనక అంకె పెట్టింది. బయటి ఎండ చూసి నువ్వు మళ్లీ 50 చెయ్యక్కర్లేదు. వేడి దేశాలకి వేరే గ్రేడు ఒప్పుకుంటే మాన్యువల్‌లోనే ఉష్ణోగ్రతల పట్టిక ఇస్తారు. ఇస్తే అందులోంచి ఎంచుకో, లేకపోతే రాసిన ఒక్కటే.

మైలేజీ కోసమని పల్చన చెయ్యడమూ తప్పే. 5డబ్ల్యూ-40 అడిగిన ఇంజిన్‌లో 0డబ్ల్యూ-20 పొయ్యకు. ఆయిల్‌ని 150 డిగ్రీల వేడిలో, భాగాలు గట్టిగా నలిపేటప్పుడు ఎంత నిలుస్తుందో కొలుస్తారు, దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు, అంకె పెద్దదైతే పొర అంత గట్టిగా నిలుస్తుంది. 20 గ్రేడుకి కనీసం 2.6 ఉంటే చాలు, 30కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5. ఇంకో మెలిక ఉంది. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉన్నా రెండూ ఒకటి కావు. ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) స్టాండర్డు సీ3 అని ఉన్న దానికి 3.5 తప్పనిసరి, సీ2కి 2.9 సరిపోతుంది. కాబట్టి గ్రేడు కలిసిందని సంబరపడకు, స్టాండర్డు అక్షరం అక్షరం కలవాలి.

నీది డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది) అయితే, మాన్యువల్ అడిగిన దానికి తోడు డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) స్టాండర్డు ఎస్‌పీ గానీ, ఆ తర్వాత వచ్చినది గానీ ఉన్నది తీసుకో. ఇలాంటి చిన్న టర్బో పెట్రోళ్లలో తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు, స్పార్కు రాకముందే సిలిండర్‌లోని ఆయిల్ తుంపర్ల వల్ల మిశ్రమం అంటుకుంటుంది. ఠంగుమని ఒక్క దెబ్బ. పిస్టన్ రింగుల దగ్గర గట్లు విరిగిపోతాయి. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంటు ఎక్కువుంటే ఈ ముప్పు పెరుగుతుంది. దాని కోసమే 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ తెచ్చారు. తక్కువకి వస్తోందని ఉత్త ఎస్‌ఎన్ పాత స్టాకు తెచ్చుకోకు. నువ్వు కూడా అయిదో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ అదిమి తొక్కకు, గేరు దించు. మీ తమ్ముడిది బీఎస్6 డీజిల్ కదా, వాడికీ ఒక మాట చెప్పు: డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండికి బూడిద తక్కువుండే ఆయిలే పొయ్యాలి. సీ2, సీ3 రకాల్లో సల్ఫేటెడ్ యాష్ (అంటే ఆ బూడిద) 0.8 శాతం దాటదు. డీపీఎఫ్‌లో మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది.

మార్చడం నీకు వచ్చు కాబట్టి పొడిగా చెబుతాను. అయిదు నిమిషాలు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపు, పావుగంట కారనీ. జాకీ మీద ఒక్కదాని మీదే ఆధారపడి బండి కిందకి దూరావంటే ఊరుకోను, స్టాండ్లు పెట్టాల్సిందే. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వెయ్యి. ఫిల్టరు రబ్బరుకి కొత్త ఆయిల్ రాయి. మాన్యువల్ చెప్పిన దానికన్నా అరలీటరు తక్కువ పోసి స్టార్ట్ చెయ్యి. ఒక నిమిషం ఐడిల్‌లోనే ఉంచు, రేజ్ చెయ్యకు, టర్బోకి ఆయిల్ ఎక్కనీ. ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పొయ్యి.

నాలుగు లీటర్ల డబ్బా కొన్నావని నాలుగూ పొయ్యకు! టర్బో నుంచి ఆయిల్ కిందకి తనంతట తను జారాలి, దాన్ని లాగే పంపు లేదు. లెవెల్ ఎక్కువైతే కింద తిరిగే క్రాంకు షాఫ్టు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, జారాల్సిన ఆయిల్ టర్బోలో నిలిచిపోయి సీళ్ల పక్కనుంచి సైలెన్సర్‌లోకి పోతుంది. నీలం పొగ వస్తుంది. బాగున్న టర్బో ఊడబీకించుకునేది ఇలాగే. నీలం పొగ కనిపిస్తే ముందు డిప్‌స్టిక్ చూడు.

మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో మార్చమని ఉండొచ్చు. నువ్వు ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో పోయి వచ్చేదానివి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగి పల్చన చేస్తుంది. పుస్తకంలో కఠిన వాడకం కింద రాసిన షెడ్యూలే నీది, 5,000కి మార్చెయ్. డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గకపోగా పెరుగుతోందంటే, పెట్రోల్ వాసనేస్తోందంటే ఇంకా ముందే.

అమ్మని చూడ్డానికి విజయవాడ వచ్చేటప్పుడు సూర్యాపేటలో టీకి ఆగుతావు కదా. హైవే మీద వంద దాటి వచ్చి హోటల్ ముందు ఠక్కున తాళం తిప్పకు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, ఎర్రగా కాలిన టర్బోలో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గై సన్నటి దారులు మూసేస్తుంది. ఆఖరి రెండు కిలోమీటర్లు నిదానంగా రా, ఆగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు. పక్కవాళ్లు పెట్రోల్ దండగంటారు, అననీ.

ఇక నన్ను అన్నిటికన్నా భయపెట్టేది నకిలీ ఆయిల్. అసలు కంపెనీ ఖాళీ డబ్బాల్లోనే వాడేసిన నల్లటి ఆయిల్ తేర్చి నింపుతారు. డీలరు దగ్గరో, కంపెనీ పంపిణీదారు దగ్గరో కొను, బిల్లు తీసుకో. మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడు. గీసినట్టున్నా, అంటించినట్టున్నా వదిలెయ్. నీ పని అయ్యాక ఖాళీ డబ్బాకి కత్తితో గాటు పెట్టి గానీ పారెయ్యకు. పాత ఆయిల్ కాలవలో పొయ్యకు, అధీకృత రీసైక్లింగ్ వాళ్లు తీసుకుంటారు.

ఆదివారం మార్చుదామనుకుంటున్నావట. శనివారమే డబ్బా కొని ముందూ వెనకా ఫోటో తీసి, మాన్యువల్ పేజీ ఫోటోతో కలిపి నాకు పంపు. నేను చూసి సరేననే దాకా మూత తియ్యకు. ఎంత రాత్రయినా పంపు, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య