యాక్సెస్ డినైడ్, అవుట్ ఆఫ్ మెమరీ: రెండూ ఒక్కసారే ఎందుకొస్తున్నాయి?

నిన్నటిదాకా బాగున్న విండోస్ 11 కంప్యూటర్ ఇప్పుడు ఫైల్ సేవ్ చేస్తే "యాక్సెస్ డినైడ్" (అనుమతి లేదు), బ్రౌజర్ తెరిస్తే "అవుట్ ఆఫ్ మెమరీ" అంటోందని కదా మీ ప్రశ్న. టెన్షన్ పడి కొత్త ర్యామ్ కొనేయకండి.

ముందు సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులోని పేజ్‌ఫైల్‌ను వాడుకుంటుంది. డ్రైవ్ నిండిపోతే ఆ ఫైల్ పెరగలేదు, దాంతో 8 జీబీ ర్యామ్ ఉన్నా మెమరీ లేదంటుంది. స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెబితే పేజ్‌ఫైల్‌ను ఆపేసినవాళ్లకూ ఇదే గతి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర "కమిటెడ్" అంకె (ప్రోగ్రాములకు కేటాయించిన మెమరీ) దాని పరిమితికి (ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి) ఆనుకుని ఉంటే కారణం దాదాపు దొరికినట్టే. డ్రైవ్ ఖాళీ చేసి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌తో విండోస్ పూర్తిగా కొత్తగా మొదలవదు.

"యాక్సెస్ డినైడ్" ఎర్రర్‌కు కారణం వేరే కావచ్చు. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోనే సేవ్ కాకపోతే విండోస్ సెక్యూరిటీలో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" (నమ్మకం లేని ప్రోగ్రాములు ఈ ఫోల్డర్లను మార్చకుండా ఆపే రక్షణ) ఆన్‌లో ఉందేమో చూసి, మీకు నమ్మకమున్న ప్రోగ్రామ్‌ను మాత్రం అనుమతించండి. డ్రైవ్ మొత్తానికి "ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్" (అందరికీ పూర్తి హక్కులు) ఇచ్చేసే చిట్కా జోలికి పోవద్దు.

అయినా పొంతన లేని ఎర్రర్లు వస్తుంటే ముందు ఫొటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే ర్యామ్‌లో లోపముందేమో పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి.