చూపు బాగానే ఉందంటున్నారు, మరి ఎదురుగా ఉన్న వస్తువుని ఎందుకు పోల్చుకోలేకపోతున్నారు?

మీ మావయ్యగారు కావాలని చేస్తున్నారేమో అని అడిగారు కదా, కాదండీ, మా నాన్నకి అచ్చం ఇదే అయింది. రెండేళ్ళ కింద స్ట్రోక్ వచ్చి మలక్‌పేటలో మా ఇంటికొచ్చిన వారానికి దువ్వెన చూపించి ఏంటిది అంటే తేరిపార చూసి "పొడుగ్గుంది, నల్లగుంది, ఓ పక్క పళ్ళు పళ్ళుగా ఉంది... రంపమా?" అన్నారు. చేతిలో పెట్టగానే గోటితో పళ్ళ మీద ఒకసారి గీకి "దువ్వెన గదరా" అని నవ్వారు. ఇంకో విడ్డూరం, దాన్నే చూసి కాగితం మీద బొమ్మ చక్కగా వేశారు, వేశాక కూడా అదేంటో తెలీదు! అమ్మనీ గొంతు వింటేనే గుర్తుపట్టేవారు, పాపం గదిలోకొచ్చే ముందు దగ్గడం అలవాటు చేసుకుంది.

మూడుసార్లు కళ్ళద్దాలు మార్చాం, దండగ. చివరికి న్యూరాలజిస్ట్ ఎంఆర్‌ఐ చూసి విజువల్ అగ్నోసియా అన్నారు, అంటే కళ్ళు చూసినా అదేంటో మెదడు పోల్చుకోలేకపోవడం.

నాకర్థమైనంతలో చూడ్డం వేరు, పోల్చుకోవడం వేరు. కంటి నుంచి సిగ్నల్ ముందు తల వెనక భాగానికి పోతుంది, అక్కడి కణాలకి దువ్వెనా గరిటా ఏం తెలీదు, చాలావాటికి ఫలానా వాలులో గీత కనిపిస్తే చాలు, స్పందిస్తాయి. హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రవేత్తలు ఇది పిల్లి మెదడులో కనిపెట్టారు, అదీ అనుకోకుండా, ఎన్ని చుక్కలు చూపించినా పలకని కణం గాజు స్లైడు మారుస్తుంటే దాని అంచు నీడకి టపటపా మోగింది. ఆ పేపర్ 1959లో, నోబెల్ 1981లో. అక్కణ్ణుంచి రెండు దార్లు. కింది దారి చెవుల పక్కనుండే టెంపోరల్ లోబ్ అనే మెదడు భాగం వైపు, అక్కడ గీతలు ఆకారాలై, ఆకారం జ్ఞాపకంతో కలిసి "ఇది ఫలానా" అవుతుంది. పై దారిది ఎక్కడుంది, చెయ్యి ఎలా చాచాలి అనే పని. ఏంటి, ఎక్కడ అనే ఈ రెండు దార్ల సంగతి 1982లో అంగర్‌లైడర్, మిష్కిన్ అనే శాస్త్రవేత్తలు రాశారు. నాన్నకి దెబ్బ కింది దారిలో, రెండు వైపులా. అందుకే చాయ్ గ్లాసు ఏంటో చెప్పలేకపోయినా ఒక్క చుక్క ఒలక్కుండా అందుకునేవారు.

పరీక్ష పెట్టినట్టు ఇదేంటి ఇదేంటి అని మాత్రం అడక్కండి, మేం చేసిన తప్పదే, ఆయన మాట్లాడ్డమే తగ్గించేశారు. వస్తువులు ఎక్కడివక్కడే ఉంచండి, తాకితే తెలిసేలా బ్రష్‌కి రబ్బర్ బ్యాండ్ చుట్టండి. ఇది నిన్నా మొన్నా ఉన్నట్టుండి మొదలైందైతే ఇంకేం ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. లేదంటే న్యూరాలజిస్ట్ దగ్గరికి, జేబులో తాళాలగుత్తి పెట్టుకుని వెళ్ళండి, చూపిస్తే చెప్పలేక గలగలలాడిస్తే చెప్పేస్తే డాక్టర్‌కి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.