ఐసీయూకి మారిన స్టాఫ్ నర్సు ముందు ఏం నేర్చుకోవాలి?

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి కర్నూలులో వార్డు నుంచి ఐసీయూకి మారారు, ఏ కోర్సు చేస్తే పని పట్టుబడుతుందని అడిగారు. కోర్సు సంగతి చివర్లో చెప్తాను సిస్టర్. మొదటి ఆరు నెలలు మీ బెడ్ దగ్గర ఉన్నవాటినే ఒక్కొక్కటిగా పట్టండి.

సిరంజి పంపుతో మొదలుపెట్టండి. బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ 4 మి.గ్రా. మొత్తం 50 మి.లీ. చేస్తే ఒక మి.లీ.లో 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకు 0.1 మైక్రోగ్రాము పోవాలంటే గంటకు 360 మైక్రోగ్రాములు, అంటే 4.5 మి.లీ. ఈ లెక్క మీ చేత్తో వేయడం రావాలి. గోడకు అంటించిన చార్టు వేరే డైల్యూషన్‌ది అయ్యుండొచ్చు. అసలు తంటా సిరంజి మార్చేటప్పుడు వస్తుంది. కొత్త సిరంజి ప్లంజర్‌కీ పంపు పుషర్‌కీ మధ్య కాస్త సందు ఉంటుంది. అది పూడేదాకా మోటారు తిరుగుతుంది గానీ మందు కదలదు, ఈలోపు బీపీ జారిపోతుంది. అందుకే పాతది అయిపోకముందే కొత్తది పంపులో పెట్టి, రోగికి తగిలించకుండా లైను చివర చుక్క పడేదాకా పర్జ్ చేయండి. ఆ లైన్లో ఇంకే ఇంజెక్షనూ తోయొద్దు, లైనులో ఉన్న మందంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది.

వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం కొడితే ముందు మనిషిని చూడండి, సైలెన్స్ బటన్ తర్వాత. గొంతులోని శ్వాస ట్యూబు జరిగిందా, కఫం అడ్డుపడిందా, న్యూమోథొరాక్సా (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), సర్క్యూట్ (వెంటిలేటర్ గొట్టాలు) మడతపడిందా? సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడుతుంటే వెంటిలేటర్ విప్పి, ఆక్సిజన్ పెట్టి అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) పట్టండి, డాక్టర్‌ని పిలవండి. బ్యాగ్ తేలిగ్గా పోతే లోపం మెషిన్‌లోనో సర్క్యూట్‌లోనో ఉన్నట్టు. కఫం లాగే సక్షన్ క్యాథెటర్‌కి ట్యూబు సైజులో 2 తీసేసి రెట్టింపు చేయండి: 8 ట్యూబుకి 12 ఫ్రెంచ్ (క్యాథెటర్ సైజు కొలత). ఒక్కసారికి 15 సెకన్లు దాటొద్దు.

మన సీమలో పురుగుమందు కేసులు తప్పవు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు అయితే విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సరిపోయిందా లేదా అన్నది స్టెతస్కోపుతో తేలుతుంది: ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించాలి, పల్స్, సిస్టోలిక్ (పై బీపీ) రెండూ 80 పైన ఉండాలి. కంటిపాప ఒక్కదాన్నే నమ్మొద్దు. జ్వరం, కలవరింత, పేగుల చప్పుడు ఆగిపోవడం కనిపిస్తే మోతాదు ఎక్కువైందని అర్థం. చాలామంది వదిలేసేది ఆ తర్వాతి ఒకటి నుంచి నాలుగు రోజులు. మనిషి మాట్లాడుతున్నాడు కదా అని మానిటర్ తీసేస్తారు. షిఫ్టులో ఒకటికి రెండుసార్లు దిండు మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే అప్పుడే చెప్పండి, తర్వాత నీరసించేవి ఊపిరి కండరాలే.

పాముకాటుకి, రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షలో పొడి గాజు ట్యూబే వాడాలి, 2 మి.లీ. రక్తం, మధ్యలో కదపకూడదు. ప్లాస్టిక్ ట్యూబులో, సబ్బుతో కడిగినదాంట్లో మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. దాన్ని చూసి అనవసరంగా యాంటీవీనం (పాము విషానికి విరుగుడు) ఎక్కిస్తారు.

ఇక కోర్సులు. గుండె ఆగినప్పుడు ఏం చేయాలో నేర్పే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ ముందు చేయండి, కార్డు రెండేళ్లు చెల్లుతుంది. జీఎన్ఎంతో క్రిటికల్ కేర్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చేయొచ్చు. రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి బీఎస్సీ కావాలి, కాబట్టి మీరు ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేయాలి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఆ కోర్సుకే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. కాలేజీకి గుర్తింపు ఉంటే సరిపోదు.